నెట్ రేడియో పెట్టేముందు పాటల హక్కుల లెక్క

తిరుపతిలో భక్తి పాటల నెట్ రేడియో పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది మైకు ధర, సర్వరు అద్దె. పాటల సంగతి అడిగితే "అన్నమయ్య కీర్తనలే కదండీ, అయిదొందల ఏళ్ల నాటివి, ఎవరికి కట్టాలి?" అంటారు. దెబ్బ తినేది సరిగ్గా అక్కడే.

ఒక్క కీర్తనలో మూడు హక్కులుంటాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగు. అన్నమయ్య 1503లో పరమపదించారు కాబట్టి పదం అందరిదీ. కానీ రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుందే తప్ప స్వరం ఉండదు. ఇవాళ మనం పాడుకునే వరుసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. వాటిలో ఎన్నింటికో బాణీ కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు. మన చట్టం ప్రకారం కర్త పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అంటే 2039 డిసెంబరు దాకా. రికార్డింగుకైతే విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు.

పాత సినిమా పాటలకూ ఇదే లెక్క. 1957లో రికార్డు వచ్చిన పాటకు పింగళి నాగేంద్రరావు మాట, ఘంటసాల బాణీ అనుకోండి. రికార్డింగు హక్కు 2017తో తీరింది. పింగళి 1971లో పోయారు, సాహిత్యం 2031 దాకా. ఘంటసాల 1974లో పోయారు, బాణీ 2034 దాకా. పాత రికార్డు చేతిలో ఉంది కదా అని వేసెయ్యకూడదు.

సాహిత్యం, బాణీల తరఫున డబ్బు వసూలు చేసేది ఐపీఆర్ఎస్ అనే సంస్థ. రికార్డింగుల తరఫున పీపీఎల్ అనే సంస్థ. రికార్డు విడుదల చేసిన కంపెనీ పీపీఎల్ జాబితాలో లేకపోతే నేరుగా ఆ కంపెనీతోనే మాట్లాడుకోవాలి. తీసుకునే లైసెన్సులో ఇంటర్నెట్ ప్రసారం అన్న మాట ఉందో లేదో చూడండి. హోటల్లో పాటలు పెట్టుకోవడానికిచ్చే లైసెన్సు దీనికి చెల్లదు.

చిన్న స్టేషన్లకు అసలు అన్యాయం మాత్రం వేరే చోట ఉంది. 2012 సవరణతో కాపీరైట్ చట్టంలోకి వచ్చిన 31డి సెక్షన్ కింద ఎఫ్ఎం స్టేషన్ ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రేటు కడితే చాలు, కంపెనీ కాదనడానికి లేదు. ఇది ఇంటర్నెట్‌కు వర్తించదని 2019లో టిప్స్ అనే పాటల కంపెనీకి, వింక్ అనే మ్యూజిక్ యాప్‌కు నడిచిన కేసులో బాంబే హైకోర్టు తేల్చింది, 2022లో అదే కోర్టు డివిజన్ బెంచ్ కూడా అదే మాట చెప్పింది. ఎఫ్ఎంలకు 2010లో కాపీరైట్ బోర్డు పెట్టిన రేటు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం, అది 2020 దాకా నడిచింది. రాబడి లేకపోతే భారమూ తక్కువే ఉండేది. నెట్ రేడియోకు ఆ నీడ లేదు. కంపెనీ చెప్పిందే రేటు, ఇవ్వనంటే అంతే.

అమెరికాలో నెట్ రేడియోకు చట్టం కింద దొరికే లైసెన్సు, దానికి నిర్ణయించిన రేటు ఉన్నాయి గానీ ఆ రేటు తలకింత. ఒక పాటను ఒక శ్రోత వింటే ఒక లెక్క. 2021లో కమర్షియల్ స్టేషన్లకు రికార్డింగు రేటు 0.0021 డాలర్లు, చానెల్‌కు ఏడాదికి కనీసం 1000 డాలర్లు. గంటకు 15 పాటలు, రేయింబవళ్లు సగటున 100 మంది శ్రోతలు ఉంటే 30 రోజుల నెలకు 10,80,000 లెక్కలు, 2,268 డాలర్లు. ప్రకటనలు వచ్చినా రాకపోయినా అంతే. ఆదరణ పెరిగినకొద్దీ అప్పు పెరిగే వ్యాపారం ఇది. చిన్న స్టేషన్లకు ఆదాయంలో వాటాగా కట్టుకునే వెసులుబాటు 2015 చివరితో ముగిసింది, 2016 జనవరిలో చిన్న నెట్ రేడియోలకు వేదికగా ఉన్న లైవ్365 మూతపడింది. మరుసటి ఏడాది మళ్లీ తెరిచారు.

అక్కడి శ్రోతలకు ప్రసారం చేస్తే ఇంకో నియమం మనవాళ్లను కచ్చితంగా పట్టుకుంటుంది. మూడు గంటల్లో ఒకే ఆల్బమ్ నుంచి మూడు పాటలకు, ఒకే గాయకుడివి నాలుగుకు మించకూడదు. గాయకుడి జయంతికి రోజంతా ఆయన పాటలే వేసే మన అలవాటు ఆ లైసెన్సు కింద కుదరదు.

ఇక లెక్క రాసుకోవడం. ప్రసారానికి ఐస్‌కాస్ట్ అనే సర్వరు సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, ఎవరెవరు విన్నారో అది రాసుకునే యాక్సెస్ లాగ్ ఫైల్లో ప్రతి వరుస చివరి అంకె ఆ శ్రోత విన్న సెకన్లు. మీ స్ట్రీమ్‌వి అన్నీ కూడి 3600తో భాగిస్తే శ్రవణ గంటలు వస్తాయి. కనెక్షన్ తెగాకే ఆ వరుస పడుతుంది కాబట్టి నెలాఖరు రాత్రి వింటూ ఉన్నవాళ్లు వచ్చే నెలలోకి జారతారు. సెట్టింగుల్లో లాగ్‌సైజ్ ఇచ్చి లాగ్‌ఆర్కైవ్ 1 చెయ్యకపోతే పాత లాగ్ మీదే కొత్తది పడి ఆధారం పోతుంది. సర్వరు బతికుందో లేదో చూసే మానిటర్ కూడా శ్రోతగానే నమోదవుతుంది, దాని ఐపీని తీసెయ్యండి.

నా మాట అడిగితే, ఈ జిల్లాలో పెట్టే స్టేషన్ సొంత రికార్డింగుల మీద నిలబడాలి. గంగమ్మ జాతర పాటలు, హరికథలు, నాదస్వరం, కొత్తగా బాణీ కట్టించిన కీర్తనలు. కళాకారులకు డబ్బిచ్చి కాగితం రాయించుకోండి, నోటిమాట చెల్లదు. ఆ కాగితంలో గడువు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లు అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కువైట్‌లో, డల్లాస్‌లో వినేవాళ్లున్నారు కాబట్టి "ప్రపంచమంతటా, ఇంటర్నెట్ ప్రసారానికి" అని విడిగా రాయించాలి. పాడినవాళ్లతో పాటు బాణీ కట్టినవాళ్ల సంతకమూ ఉండాలి. ఫైలు పేరులో వేసిన నంబరే ఒప్పందం మీదా వేసి దాచుకుంటే రేపు ఎవరైనా అడిగినప్పుడు ఏ పాటకు ఏ కాగితమో వెంటనే దొరుకుతుంది.