వేలి కొసలో ఎముక

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌లో ఫిట్టర్ అప్రెంటిస్‌గా ఉండగా, 2023లో, నా కుడి చూపుడు వేలు బెల్టుకీ పుల్లీకీ మధ్య పడి నలిగింది. బెల్టు బిగువు చూడాలంటే స్విచ్ ఆపితే చాలదు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి, లేదా మెయిన్‌కి తాళం పెట్టాలి. నేను స్విచ్ ఒక్కటే ఆపాను. అవతల ఎవరో ఆన్ చేశారు.

ఒంగోలులో ఆపరేషన్ చేసి చివరి కణుపు ఎముకతో సహా తీసేశారు. రెండు వారాలకు కుట్లు విప్పారు. ఆ తర్వాతే అసలు బాధ: మొండి కొసకు దుప్పటి తగిలినా జివ్వుమనేది. ఫిజియోథెరపీలో ముందు దూదితో, తర్వాత తువ్వాలుతో రుద్దించారు. ఆనక గిన్నెడు బియ్యంలో వేలు పెట్టి ఐదేసి నిమిషాలు తిప్పడం, రోజుకు నాలుగుసార్లు. భయపడి వేలు చాచే ఉంచితే మిగిలిన కీళ్లు బిగుసుకుపోతాయి, కాబట్టి నొప్పి ఉన్నా మడవాల్సిందే. స్పానర్ పట్టు రావడానికి రెండు నెలలు పట్టింది.

డబ్బు సంగతికొస్తే, "ఈఎస్‌ఐకి (కార్మికుల ప్రభుత్వ బీమాకి) వెళ్లు" అన్నారు ఆఫీసులో. 1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లకు ఈఎస్‌ఐ లేదు. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, 1923 నాటి నష్టపరిహార చట్టం లెక్కన యజమానే ఇవ్వాలి. (అది ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, నాది పాత లెక్క.) ఇందులో జీతమంటే స్టైపెండే. నాకు నెలకు 7,000. అందులో 60 శాతం 4,200. దాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి, 20 ఏళ్లకు అది 224. మొత్తం 9,40,800. ఇది పూర్తిగా పనికిరాకుండా పోయినవాడికి. చూపుడు వేలిలో ఒక కణుపు పోతే అందులో 9 శాతం, అంటే 84,672. ఎముక పోకుండా కొస మాత్రమే తెగితే 5 శాతం, 47,040.

నా డిశ్చార్జి కాగితంలో "చూపుడు వేలికి గాయం" అని మాత్రమే ఉంది. ఆ ముక్కతో వెళ్తే 5 శాతం దగ్గరే బేరం మొదలవుతుంది. ఎక్స్‌రే పట్టుకుని మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లి, ఏ కణుపు, ఎముక ఎంతవరకు పోయిందీ రాయించాను. మందుల బిల్లులు వేరేగా ఇవ్వాలి, పరిహారంలో కోయకూడదు. పనిలోకి రాలేని రోజులకు పక్షానికోసారి స్టైపెండులో పావు వంతు, 1,750, వస్తుంది. అది మాత్రం చివరి మొత్తంలోంచి తగ్గిస్తారు.

బెల్టు మీద ఉండాల్సిన రక్షణ కవరు, అంటే గార్డు, నువ్వే తీశావన్నారు ఆఫీసువాళ్లు. కావాలని తీశానని రుజువైతేనే ఆ వాదన నిలబడుతుంది. ఆ గార్డు నేను చేరక ముందునుంచీ గోడకు ఆనించి ఉంది, దుమ్ము కొట్టుకుని. దాని ఫోటో ఉంచుకున్నాను. రెండేళ్లలోగా కార్మిక శాఖ కమిషనర్‌కి దరఖాస్తు పెట్టొచ్చనీ, నెల దాటితే 12 శాతం వడ్డీ పడుతుందనీ నేను రాసిచ్చాక చెక్కు ఇచ్చారు.

చలికాలం పొద్దున్నే ఇనుము పట్టుకుంటే కొస ఇంకా జిల్లుమంటుంది. గుడ్డ చుట్టుకుంటాను. తిరిగే మెషిన్ దగ్గర మాత్రం అదీ విప్పేస్తాను.