వంశధార వెంట కళింగపట్నం దాకా

శ్రీకాకుళం వచ్చిన చుట్టాలను మనవాళ్లు తిప్పే దారి ఒకటుంది. పొద్దున్నే అరసవల్లి, అక్కణ్నుంచి శ్రీకూర్మం, మధ్యాహ్నానికి ముఖలింగం, సాయంత్రం రైలు. మూడు చోట్లా దండం పెట్టుకోవడానికి ఆ టైము చాలు. చూడ్డానికి మాత్రం చాలదు. అందుకే సంక్రాంతి వెళ్లాక బావతో అన్నాను, ఈసారి గుళ్ల లెక్కన వద్దు, ఏటి లెక్కన వెళ్దామని. ముఖలింగం దగ్గర వంశధారను పట్టుకుని సముద్రంలో కలిసేదాకా దిగిపోవడం. బావది నరసన్నపేట, బండి కూడా ఆయనదే. "ఏటికి ఎదురెళ్లమన్లేదు కదా, పద" అన్నాడు.

చల్లవానిపేట మీదుగా వెళ్తుంటే వరి కోసేసిన మళ్లలో మినుము, పెసర పచ్చగా లేచి ఉన్నాయి. మంచు ఇంకా విడలేదు. ముఖలింగం ఊరి మొదట్లోనే సోమేశ్వరాలయం కనబడుతుంది. చాలామంది దీన్ని దాటి నేరుగా పెద్ద గుడికి పోతారు. నన్నడిగితే ముందు ఆగాల్సింది ఇక్కడే. ముందు మండపం ఏమీ లేదు, గర్భగుడి మాత్రమే. దాని మీద లోపలికి వంగుతూ పైకి పోయే శిఖరం. భువనేశ్వర్ గుళ్లు చూసినవాళ్లు ఇది ఎక్కడో చూసినట్టుందే అనుకుంటారు. అదే కళింగ పద్ధతి. మన గాలిగోపురాల దారి వేరు, దీని దారి వేరు. జనం లేరు కాబట్టి గోడల మీది బొమ్మలను తీరుబడిగా చూశాం. "గుడికొచ్చి గోడలు సూస్తావేటి?" అని బావ కాసేపు ఎగతాళి చేశాడు. తర్వాత తనే ఫోన్ తీసి ఫొటోలు మొదలుపెట్టాడు.

ఈ పల్లెటూరు ఒకప్పుడు కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. పూరీ జగన్నాథ ఆలయం కట్టడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగ దేవుడు ఇక్కడి రాజే. 12వ శతాబ్దంలో ఆయన రాజధానిని కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కు మార్చాడు. రాజు వెళ్లిపోయాడు, గుళ్లు ఉండిపోయాయి. మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం, మూడూ ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. భీమేశ్వరాలయానికి శిఖరం లేదు.

పెద్ద గుడిలో శివుడు మధుకేశ్వరుడు. మధుకం అంటే ఇప్పచెట్టు. ఆ చెట్టులోనే స్వామి వెలిశాడని ఇక్కడి కథ. నాకు దానికంటే ఇష్టమైన కథ లింగం వెనకున్న గోలేనిది. పిల్లలు లేని ఒక కుమ్మరి స్వామికి మొక్కుకున్నాడు, బిడ్డ పుట్టాక పెద్ద మట్టి గోలెం చేసి తెచ్చాడు. తెస్తే అది గర్భగుడి ద్వారంలో పట్టలేదు. మా ముందున్న ముసలమ్మను మనవడు అదే అడిగాడు, "మరి లోపలికెలా వచ్చింది?" అని. "సామే లోపలెట్టుకున్నాడ్రా" అందామె, అందులో అడగడానికి ఏముందన్నట్టు. గోలేన్ని చూసి, ద్వారాన్ని చూసి, నేనూ ఇంకేం అడగలేదు.

గుడి శాసనాల దగ్గర నిలబడితే గిడుగు రామమూర్తి పంతులు గుర్తుకు రాక తప్పదు. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట ఇక్కడికి దగ్గరే. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ ఈ శాసనాలను సొంతంగా కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. ఆగస్టు 29న మైకుల్లో ఆయన పేరు వింటాం, వాడుక భాష గురించి రెండు ముక్కలు చెప్పేసి ఊరుకుంటాం. ఈ రాళ్ల ముందు కూర్చుని అక్షరం అక్షరం విప్పుకున్న మనిషి సంగతి ఎవరూ ఎత్తరు.

గుడి వెనక ఏరు. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి ఇసక కనబడనంత జనం వస్తారు, ఒరిస్సా వైపు నుంచి కూడా. మేం వెళ్లినప్పుడు నీళ్లు ఒక పక్కకు తగ్గి మిగతాదంతా ఇసకే. గేదెలను కడుగుతున్న ఒకాయన బావను గుర్తుపట్టి పలకరించాడు. జిల్లాలో బావను గుర్తుపట్టని మనిషి దొరకడం కష్టం.

మళ్లీ నరసన్నపేట వచ్చి భోంచేసి, మడపాం దగ్గర వంతెన మీద వంశధార దాటి గార మండలంలోకి దిగాం. శాలిహుండం కొండ ఏటికి కుడి గట్టున ఉంది. ఇక్కడ మళ్లీ గిడుగువారే. 1919లో ఈ బౌద్ధ స్థలాన్ని లోకానికి చూపించింది ఆయనే. పైన ఏరు శివుడిది, కింద ఏరు బుద్ధుడిది, రెండు చోట్లా రాళ్లను పలకరించింది ఒకే మాస్టారు.

ఎక్కడం పెద్ద కష్టం కాదు, మెట్లున్నాయి. కానీ ఎండ ఎక్కకముందే వెళ్లాలి, నీళ్లు వెంట పట్టుకెళ్లాలి. దారి పొడుగునా ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాల (భిక్షువుల ప్రార్థన మందిరాల) గోడలు. స్తూపాల్లో ఒకటి చక్రం ఆకారంలో ఉంది, బండి చక్రానికి ఆకులున్నట్టే మధ్య నుంచి ఇటుక గోడలు చుట్టూ సాగుతాయి. కింద మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలున్నాయి. బుద్ధుడి విగ్రహం కోసం వచ్చేవాళ్లు ఈ అమ్మవార్లను చూసి కాస్త తికమకపడతారు. ఇక్కడ బౌద్ధం వందల ఏళ్లు బతికింది, బతుకుతూ, మంత్రతంత్రాలూ అమ్మవార్ల పూజా కలిసిన వజ్రయానం దాకా మారింది. ఆ మార్పు పుస్తకంలో కంటే ఈ విగ్రహాల ముందు బాగా అర్థమవుతుంది.

కొండపైకి వెళ్లాక భిక్షువులు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పక్క వంశధార వెడల్పుగా సాగుతుంటుంది, తూర్పున సముద్రం. ఊరి గోల అందనంత దూరం, భిక్షకు నడిచిపోగలిగినంత దగ్గర. పడవల మీద సరుకుతో వచ్చే వర్తకుల దానాలు లేకపోతే ఇన్ని ఇటుకలు కొండెక్కేవి కావని నా లెక్క. బావకు ఆ లెక్కతో పని లేదు. "గాలి బాగుంది" అని స్తూపం పక్కన నీడలో తువ్వాలు పరిచి పడుకున్నాడు.

కళింగపట్నం అక్కణ్నుంచి ఎంతో దూరం లేదు. ఒకప్పటి ఓడరేవు ఇది, ఇంగ్లీషు వాళ్ల హయాంలోనే మూతబడింది. ఇప్పుడు లైట్‌హౌస్, చేపల పడవలు, సాయంత్రం షికారుకొచ్చే కుటుంబాలు. ఏరు సముద్రంలో కలిసే చోటు చూడాలంటే బీచ్ దగ్గర ఆగిపోకుండా ఇసకలో ఉత్తరానికి నడవాలి. చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. అక్కడ కెరటాలు అటూ ఇటూ కొట్టుకుంటూ వస్తాయి, లోతు తెలియదు, దిగొద్దు. వలలు బాగుచేసుకుంటున్న కుర్రాళ్లు కూడా అదే చెప్పారు.

మర్నాడు పొద్దున శ్రీకూర్మం. కూర్మావతారంలో విష్ణువును కొలిచే పెద్ద గుడి వేరే ఎక్కడా చూడలేం. స్వామి పడమటికి తిరిగి ఉంటాడు, అందుకే ధ్వజస్తంభాలు రెండు. ప్రాకార మండపంలో స్తంభాల మీద శాసనాలు, గోడల మీద పాత రంగు చిత్రాలు. చిత్రాలు చాలాచోట్ల వెలిసిపోయాయి. కొన్నింటి దగ్గర చేతులు తగిలి తగిలి రంగు పోయినట్టు తెలుస్తూనే ఉంది. అయినా ఆగి చూసేవాడు లేడు, జనమంతా తాబేళ్ల దగ్గరే. నక్షత్ర తాబేళ్లు ఆకుకూర నములుతుంటే పిల్లలు చుట్టూ మూగారు. ఒక పాప "దీనికి గుడెవరు కట్టారు?" అని వాళ్ల నాన్నను అడుగుతోంది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు.

అరసవల్లిలో ఆదివారం కావడంతో క్యూ రోడ్డు మీదకొచ్చింది. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. బయటి నుంచే దండం పెట్టుకుని, పూరీ, బొంబాయి చట్నీ తిని ఆమదాలవలస స్టేషన్‌కు బయల్దేరాం. రైలు నలభై నిమిషాలు లేటు. ప్లాట్‌ఫాం మీద బావ అప్పటికే తర్వాతి ప్లాను చెప్తున్నాడు. తేలినీలాపురంలో కొంగలున్నాయట, మార్చి దాటితే ఎగిరిపోతాయట, సెలవు ఇప్పుడే పెట్టుకోవాలట.