జార్జియా మఠాలకు సెల్ఫ్ డ్రైవ్: హైవే దిగాకే అసలు లెక్క

మ్యాపు చూస్తే కాకసస్ కొండల దేశం జార్జియాలో మఠాలుండే ఊళ్లన్నీ దగ్గరే. రాజధాని టిబిలిసి నుంచి మ్త్స్ఖేతా పాతిక కిలోమీటర్లలోపు, సిగ్నాగి 110, కజ్బేగి కొండల్లోని స్టెపంత్స్‌మిండా 150 చిల్లర. హైదరాబాద్–విజయవాడ హైవే లెక్కన గంటలు వేసుకుని బయల్దేరితే మాత్రం మధ్యాహ్నానికే ప్లాన్ తప్పుతుంది. ఈ మఠాలు కొన్ని తపస్సు కోసం కట్టినవి, కొన్ని దండయాత్రల నుంచి తప్పించుకోవడానికి కట్టినవి. రెండింటికీ కావలసింది ఒకటే, ఎవరూ సులువుగా రాలేని చోటు. అందుకే హైవే దిగాక ఉండే చివరి ఐదారు కిలోమీటర్లకు విడిగా టైమ్ వేసుకోవాలి.

డే టూర్ వ్యాన్లు ఎక్కువగా పదకొండు, మూడు గంటల మధ్య ఒకేసారి వచ్చి పడతాయి. సొంత కారులో తొమ్మిదికల్లా చేరితే గుడి దాదాపు ఖాళీ. నా దృష్టిలో ఇక్కడ కారు తీసుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

కాగితాల సంగతి ముందు. మన లైసెన్సు కార్డు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. అయినా రెంటల్ వాళ్లు, ఆ తర్వాత బీమా వాళ్లు అడిగేది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. ఆర్టీఏలో ఫారం 4ఏతో దరఖాస్తు చేస్తే ఏడాదికి ఇస్తారు, ఫీజు వెయ్యి రూపాయలు. పర్మిట్ ఉంది కదా అని ఒరిజినల్ కార్డు ఇంట్లో వదిలేయకండి, రెండూ కలిపి చూపిస్తేనే చెల్లుతుంది. డిపాజిట్‌కు చాలాచోట్ల క్రెడిట్ కార్డే కావాలి, డెబిట్ కార్డుకు కౌంటర్ దగ్గర తల అడ్డంగా ఊపుతారు. "ఫుల్ ఇన్సూరెన్స్" అన్న మాట విని ఊరుకోవద్దు. టైర్లు, అద్దాలు, కారు కింది భాగం అందులో ఉన్నాయా లేవా అన్నది కాంట్రాక్టులో చూడాలి. కొండ దారుల్లో దెబ్బ తినేవి సరిగ్గా ఆ మూడే. తుషెతి కొండల వంటి దారులకు మామూలు కార్లను అనుమతించరు. ఆ నిషేధాల జాబితా కూడా కాంట్రాక్టులోనే ఉంటుంది.

ఆటోమేటిక్ తీసుకోండి. అక్కడ బండి నడిచేది రోడ్డుకు కుడివైపు, స్టీరింగ్ ఎడమవైపు. ఇండికేటర్ వేద్దామనుకుంటే వైపర్ తిరుగుతుంది, మన కార్లలో ఆ రెండు లివర్ల స్థానాలు తారుమారు కాబట్టి. దాంతో పోయేదేమీ లేదు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మనకు కుడివైపు కూర్చుని నడపడం అలవాటు. ఎడమ సీట్లో కూర్చున్నా, లేన్‌లో శరీరాన్ని పాత చోటే ఉంచాలని చూస్తాం. కారు తెలియకుండా కుడికి జరుగుతుంది. కుడివైపు అద్దాలు రాసుకుపోవడం, చక్రం అంచు రాయికి తగలడం, రోడ్డు పక్క కాలువలో దిగడం, అన్నీ దీని వల్లే. ఎడమవైపు గీత మీకు దగ్గరగా కనిపిస్తోందా అని మొదటి గంట చూసుకుంటూ ఉండాలి. ఎడమకు తిరిగేటప్పుడు వెడల్పుగా, కుడికి తిరిగేటప్పుడు దగ్గరగా తిరగాలి. రౌండెబౌట్‌లో గడియారం ముల్లుకు ఎదురు దిశ. తప్పు లేన్‌లోకి వెళ్లేది ఎక్కువగా ట్రాఫిక్ ఉన్నప్పుడు కాదు, పెట్రోల్ బంకులోంచో మఠం పార్కింగ్‌లోంచో ఖాళీ రోడ్డు మీదకి వచ్చినప్పుడు. అనుసరించడానికి ముందు బండి ఉండదు కదా.

పెట్రోల్ బంకులో మన దగ్గరలాగే మనిషే వచ్చి కొడతాడు. రెగ్యులర్, ప్రీమియం, సూపర్ అని మూడు రకాలుంటాయి. ఏది కొట్టించాలో కారు తీసుకునేటప్పుడే అడిగి ఉంచుకోండి.

అక్కడివాళ్ల డ్రైవింగ్ మనకు మరీ కొత్తగా ఏమీ ఉండదు. మలుపు మీద ఓవర్‌టేక్ చేస్తారు. జపాన్ నుంచి దిగుమతైన కుడి స్టీరింగ్ కార్లు కూడా బోలెడు. వాటి డ్రైవరుకు ఎదురొచ్చే బండి కనిపించాలంటే సగం కారు బయటపెట్టాలి. అలాంటి కారు ఎదురుగా ట్రక్కు వెనక ఉందంటే మీరే వేగం తగ్గించడం మంచిది. ఇంకో సంగతి, గుడి కనిపిస్తే చాలామంది డ్రైవర్లు నడుపుతూనే మూడుసార్లు సిలువ గుర్తు వేసుకుంటారు. ఆ కాసేపు కుడి చెయ్యి స్టీరింగ్ మీద ఉండదు. గుడి దగ్గరపడుతుంటే ముందు బండికి కాస్త ఎడం ఇవ్వండి. ఆవులు కొండ దారి వంతెనల మీద, కొండచరియలకు అడ్డుగా కట్టిన చీకటి సొరంగాల్లో నిలబడతాయి. హారన్‌కు కదలవు, అది మనకు తెలిసిందే.

మొదటి రోజుకు మ్త్స్ఖేతా సరిపోతుంది. కాని వరుస ముఖ్యం. జ్వారి మఠం ఊరికి సరిగ్గా ఎదురుగా, నదికి అవతల కొండ కొమ్మున కనిపిస్తుంది. కారులో వెళ్లాలంటే మాత్రం హైవే ఎక్కి చుట్టూ తిరిగి పది కిలోమీటర్లు పైనే. అందుకని టిబిలిసి నుంచి వస్తూనే ముందు జ్వారికి ఎక్కి, తర్వాత ఊళ్లోకి దిగండి. నావిగేషన్‌లో ఒట్టి "జ్వారి" అని కొట్టొద్దు. కజ్బేగి దారిలోని కనుమ పేరూ జ్వారీయే, పడమట సమెగ్రెలోలో ఒక ఊరు పేరూ జ్వారీయే. తూర్పున ఉన్న అలావెర్ది మఠంతోనూ ఇదే గొడవ, ఆ పేరుతో ఆర్మేనియాలో ఒక ఊరుంది. మఠం ఫొటో చూసి పిన్ పెట్టుకోవడమే మేలు.

జ్వారి 6వ శతాబ్దం చివర మొదలై 7వ శతాబ్దం మొదట్లో పూర్తయింది. చిన్న గుడి. కింద ఆరాగ్వి, మ్త్‌క్వారి నదులు కలిసే చోట రెండు రంగుల నీళ్లు కొంతదూరం కలవకుండా పోవడం పైనుంచి కనిపిస్తుంది. ఊళ్లో స్వేతిత్స్ఖోవెలి గుడి 1010, 1029 మధ్య కట్టింది. ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్లి మెడ ఎత్తి చూడండి. మూలమట్టం పట్టుకున్న చెయ్యి ఒకటి చెక్కి ఉంటుంది. శిల్పి అర్సుకిస్‌జె చెయ్యి అది, పక్కనే క్షమాపణ కోరే శాసనం. తూర్పు గోడ మీద రెండు ఎద్దు తలలు అంతకుముందున్న గుడివని చెబుతారు. మనవాళ్లు చాలామంది లోపల ఫొటోలు తీసుకుని బయటి గోడలు చూడకుండానే వెళ్లిపోతారు.

గుడి మర్యాదలు. చెప్పులు విప్పనక్కర్లేదు, గుమ్మం దగ్గర చెప్పుల స్టాండు కోసం వెతకొద్దు. ఆడవాళ్లు తల మీద కొంగు లేదా చున్నీ కప్పుకోవాలి. చీర, చుడీదార్ ఉంటే ఏ చింతా లేదు, జీన్స్‌కు పైన చుట్టుకోవడానికి గుమ్మం దగ్గర గుడ్డలు ఉంచుతారు. మగవాళ్లు నిక్కర్లతో వెళితే ఆపేస్తారు, టోపీ తీసేయాలి. లోపల బెంచీలు ఉండవు, ప్రార్థన ఎంతసేపైనా నిలబడే. ఆదివారం ఉదయం వెళితే పాట వినొచ్చు, కెమెరా మాత్రం జేబులోనే ఉంచాలి.

కజ్బేగి దారికి పూర్తి రోజు కేటాయించి, రాత్రి అక్కడే ఉండండి. ఇదే రష్యా సరిహద్దుకు పోయే సరుకు రవాణా దారి. ట్రక్కుల వరుస కిలోమీటర్ల కొద్దీ పక్కన ఆగి ఉంటుంది, మూడు గంటల ప్రయాణం అయిదు కావచ్చు. జ్వారి కనుమ దాదాపు 2,400 మీటర్ల ఎత్తు. శీతాకాలంలో మంచుచరియల భయంతో మూసేస్తారు, బయల్దేరే ఉదయమే గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేసి కనుక్కోవాలి. స్టెపంత్స్‌మిండా పైన, 2,170 మీటర్ల ఎత్తున, 14వ శతాబ్దపు గెర్గెటి గుడి. 2018లో తారు వేసేదాకా అక్కడికి మిత్సుబిషి డెలికా వ్యాన్లే దిక్కు. ఇప్పుడు చిన్న కారైనా ఎక్కుతుంది, వేసవిలో మాత్రమే అనుకోండి. తిరుమలలో ఎక్కే ఘాట్ వేరు, దిగే ఘాట్ వేరు. ఇక్కడ రెండూ ఒకటే, మలుపులో పైనుంచి వ్యాను వస్తుంటుంది. దిగేటప్పుడు గేరు ఎల్‌లోనో, మాన్యువల్ మోడ్‌లో రెండులోనో పెట్టి ఇంజను పట్టుతోనే దిగాలి. బ్రేకు తొక్కుతూనే దిగితే బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. అలా అయితే పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయకండి.

తూర్పున కఖేతి వైపు దారి సుఖం. సిగ్నాగి పక్కన బొద్బె మఠంలో, జార్జియాకు క్రైస్తవం తెచ్చిన సెయింట్ నినో సమాధి, అక్కడినుంచి తెలావి, ఆ పైన అలావెర్ది. టిబిలిసికి తిరుగు ప్రయాణంలో గొంబోరి కనుమ మీదుగా వస్తే దూరం తక్కువే, కాని వంపులెక్కువ. పొగమంచు రోజుల్లో చుట్టుదారే నయం. ద్రాక్ష కోతల కాలంలో చీకటిపడ్డాక ట్రాక్టర్ల వెనక లైట్లు ఉంటాయని నమ్మొద్దు.

అలావెర్ది చూసే తెలుగువాళ్లకు ఒక విశేషం. కఖేతి రాణి కెతెవాన్‌ను, మతం మారనన్నందుకు, ఇరాన్ రాజు షా అబ్బాస్ ఆజ్ఞతో 1624లో షిరాజ్‌లో చంపారు. పోర్చుగీసు అగస్టీనియన్ సన్యాసులు ఆమె అస్థికల్లో కొన్ని గోవా తెచ్చారు, కొన్ని అలావెర్ది చేరాయని అక్కడి నమ్మకం. పాత గోవాలోని సెయింట్ అగస్టీన్ చర్చి శిథిలాల్లో భారత పురావస్తు శాఖ తవ్వి తీసిన ఎముకను పరీక్షించింది మన హైదరాబాద్ సీసీఎంబీ. భారత్‌లో అరుదైన యూ1బీ అనే మైటోకాండ్రియల్ డీఎన్ఏ రకం అందులో దొరికింది, జార్జియాలో ఆ రకం ఉంది. 2021 జులైలో విదేశాంగ మంత్రి జైశంకర్ ఆ అస్థికల్లో ఒక భాగాన్ని టిబిలిసిలో అప్పగించారు.

దావిత్ గరేజా గుహ మఠాలకు వెళితే నీళ్లు, పెట్రోలు ముందే నింపుకోండి, వేసవిలో రాళ్ల మధ్య పాములుంటాయి. పైనున్న ఉదబ్నో చిత్రాల గుహలు అజర్‌బైజాన్ సరిహద్దు తగాదాతో 2019 నుంచి మూతపడ్డాయి, కింది లావ్రా మఠం ఒక్కటే చూడగలరు. వార్జియా గుహలకు టిబిలిసి నుంచి పోయి రావడం ఒక్కరోజులో వద్దు, అఖల్త్సిఖె ఊళ్లో పడుకోండి.

వేగం ఊళ్లలో 60, బయట 90, మోటార్‌వే మీద 110. కొన్ని కెమెరాలు రెండు స్తంభాల మధ్య సగటు వేగం లెక్కగడతాయి, కెమెరా ముందు ఒక్కచోట బ్రేకు వేసి లాభం లేదు. చిన్న గీత పడినా బండి కదపకుండా 112కు ఫోన్ చేయాలి, పోలీసు కాగితం లేకపోతే బీమా రాదు. జరిమానాలు బండి నంబరు మీద పడతాయి. కారు అప్పగించే ముందు రోజు పోలీసు వెబ్‌సైట్‌లో బండి నంబరు, రిజిస్ట్రేషన్ కార్డు నంబరు కొట్టి చూసుకుని, ఉంటే మీరే కట్టేయండి. లేదంటే రెంటల్ వాళ్లు సర్వీస్ చార్జీ కూడా కలిపి డిపాజిట్‌లోంచి కోసుకుంటారు.