మూడు ఇళ్లకు నోటీసు ఇవ్వలేదని నెల రోజులు ఆపారు: పెరట్లో సోలార్, నా అనుభవం

నిన్న కరెంటు కంపెనీ అనుమతి వచ్చింది. పెరట్లో నేల మీద బిగించిన 20 ప్యానెళ్లు, 8.2 కిలోవాట్లు, ఈ ఉదయం నుంచి కరెంటు ఇస్తున్నాయి. ఆర్నెల్ల టెన్షన్ ఇంకా ఒంట్లోంచి పోలేదు. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మేముండేది సెంట్రల్ న్యూజెర్సీలో. తూర్పు ముఖం ఇల్లే కావాలని అమ్మ పట్టుబట్టి కొనిపించింది. దాంతో పైకప్పు తూర్పుకీ పడమరకీ వాలి ఉంది, ఎండ బాగా పడే దక్షిణం వాలు లేదు. పెరడు పెద్దదే కాబట్టి నేల మీద పెడదామనుకున్నాం.

జూన్‌లో జోనింగ్ పర్మిట్‌కు, అంటే స్థలంలో ఏది ఎక్కడ కట్టొచ్చో చూసి మా టౌన్‌షిప్ (ఊరి పాలక సంస్థ) ఇచ్చే అనుమతికి, అప్లై చేస్తే రెండు కారణాలు చూపి తిప్పికొట్టారు. మొదటిది న్యాయమే. పక్క సరిహద్దు నుంచి 20 అడుగులు వదలాలి, మాకు 12 అడుగులే వస్తోంది. లోపలికి జరిపితే ఇంటి మురుగునీరు ఇంకే సెప్టిక్ ఫీల్డు అడ్డం, దాన్ని దాటితే ఓక్ చెట్ల నీడ. రెండోది మాత్రం తప్పు. ప్యానెళ్లను నీళ్లు ఇంకని కాంక్రీటు కింద లెక్కగట్టి, స్థలంలో అలాంటి నేలకున్న పరిమితి దాటిందన్నారు. సోలార్ ప్యానెళ్లను ఆ లెక్కలో కలపకూడదని న్యూజెర్సీలో 2010లోనే చట్టం వచ్చింది. ఆ పేజీ ప్రింటు తీసి కౌంటర్ మీద పెట్టాను. ఆఫీసర్ చదివి, ఒక్క మాటా మాట్లాడకుండా ఆ కారణం కొట్టేశాడు. మనవాళ్లు చాలామంది ఇక్కడే వెనక్కి వచ్చేస్తారు, ‘మనకెందుకొచ్చిన గొడవ’ అని. ఇంటి పన్ను కడుతున్నది మనమే, అడిగే హక్కూ మనదే.

మిగిలిన ఆ 8 అడుగుల మినహాయింపు కోసం, అదే వేరియన్స్, జోనింగ్ బోర్డు ముందుకు వెళ్లాలి. ఈలోగా 2025 జూలై 4న కొత్త ఫెడరల్ చట్టం మీద సంతకం అయింది. ఇంటి సోలార్‌కు ఇచ్చే 30 శాతం పన్ను రాయితీకి అందులో 2025 డిసెంబరు 31ని ఆఖరు రోజుగా పెట్టారు. ఆలోపు బిగింపు పూర్తవకపోతే మాకు దాదాపు 11 వేల డాలర్లు పోయినట్టే.

బోర్డు కేసు వినే రోజుకు, అదే హియరింగ్‌కు, కనీసం పది రోజుల ముందు, 200 అడుగుల లోపల ఉన్న ప్రతి ఇంటి యజమానికీ నోటీసు వెళ్లాలి, అప్పటి రూలు ప్రకారం పేపర్లో ప్రకటన కూడా రావాలి. పది డాలర్లు కట్టి టౌన్‌షిప్ నుంచి పేర్ల జాబితా తీసుకున్నాను. 19 పేర్లు. ‘ఇంతేనా, ఇంకెవరికైనా పంపాలా’ అని బోర్డు సెక్రటరీని అడిగాను. ‘అంతే’ అంది. మా ఆవిడా నేనూ డైనింగ్ టేబుల్ మీద 19 కవర్లకు స్టాంపులు అంటించి, సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, ముద్ర పడిన రసీదులన్నీ ఫైల్లో కుట్టుకున్నాం.

సెప్టెంబరు హియరింగ్‌కు కోటు వేసుకుని వెళ్లాను. నా తరఫున వచ్చిన ఇంజనీరుకు ఆ సాయంత్రానికి ఫీజు కూడా ఇచ్చాను. ఇరుగుపొరుగు ఓ పదిమంది కూర్చుని ఉన్నారు. నా పేరు పిలిచారు, ప్రమాణం చేయించారు. నోరు తెరిచేలోపే బోర్డు లాయరు మ్యాప్ పైకెత్తి, ‘మీ వెనక రోడ్డు దాటితే పక్క టౌన్‌షిప్. ఆ మూడు ఇళ్లకు నోటీసేదీ?’ అన్నాడు. నా దగ్గరున్న జాబితాలో మా టౌన్‌షిప్ వాళ్లే ఉన్నారు! స్థలం టౌన్‌షిప్ సరిహద్దుకు 200 అడుగుల లోపల ఉంటే పక్క టౌన్‌షిప్ క్లర్కుకు, కౌంటీ ప్లానింగ్ బోర్డుకు కూడా పంపాలట. నోటీసు సరిగ్గా లేకపోతే ఈ కేసు వినే అధికారమే బోర్డుకు ఉండదట. ‘ఈసారైనా చట్టం చదువుకుని రండి’ అన్నాడు, అందరి ముందూ. సెక్రటరీ ఆ బల్ల చివరే కూర్చుంది, తల ఎత్తలేదు. మా అబ్బాయి ఫ్రెండ్ వాళ్ల నాన్న నా వైపు చూస్తున్నాడు. ఫైలు సర్దుకుంటుంటే నా చేతులు వణికాయి. కారులో ఇంటికి వస్తున్నంతసేపూ మా ఆవిడ ఏమీ అడగలేదు.

కాబట్టి చెప్తున్నాను: కౌంటర్ దగ్గర చెప్పిన మాట నమ్మకండి, ఈమెయిల్లో రాయించుకోండి. 200 అడుగులు ప్యానెళ్ల నుంచి కాదు, మీ స్థలం హద్దుల నుంచి, నాలుగు వైపులా కొలుచుకోండి. ఆ కొలత మీ టౌన్‌షిప్ దాటితే పక్క టౌన్‌షిప్ ఆఫీసుకూ వెళ్లి జాబితా తెచ్చుకోండి.

అక్టోబరులో లాయరు లేకుండా నేనే వాదించాను. సెప్టిక్ మ్యాపు, చెట్ల నీడ ఫొటోలు చూపించి, ఏ ప్రశ్నకూ తడబడలేదు. ఏడుకి ఏడు ఓట్లూ నాకే పడ్డాయి. పక్కింటి వైపు ఆరడుగుల ఆర్బర్‌వైటీ (ఏడాదంతా పచ్చగా ఉండే కంచె మొక్క) మొక్కలు వరసగా నాటాలని ఒక్క షరతు పెట్టారు. నవంబరులో తీర్మానం కాగితం చేతికొచ్చింది. తవ్వే ముందు నేల కింది పైపులు, కేబుళ్లు గుర్తుపెట్టించడానికి 811కి ఫోన్ చేయడం, ఇనుప స్తంభాలు దించడం, వైరింగ్, ఇన్‌స్పెక్షన్ అన్నీ మూడు వారాల్లో అయిపోయాయి.

రోడ్డు అవతలి ఆ మూడు ఇళ్లలో ఒక పెద్దాయన మొన్న మొక్కలు నాటుతుంటే వచ్చి నిలబడ్డాడు. రెండో నోటీసు కవరు ఇంకా ఆయన జేబులోనే ఉంది. తన పెరట్లోనూ పెట్టించుకోవాలట, ఏం చేయాలో చెప్పమన్నాడు. ఆదివారం నా ఫైలు తీసుకుని వాళ్లింటికి వెళ్తున్నాను.