తమ్ముణ్ణి ఆసుపత్రికి చేర్చడానికి పడ్డ పాట్లు

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు. రెండు రకాల మందులు డోసు పెంచి వాడినా చెవిలో మాటలు ఆగలేదు. అన్నంలో అమ్మ విషం కలుపుతోందని అవి చెప్పేవట. చివరికి ఓ రోజు అమ్మ మీదకి స్టూలు విసిరాడు, మణికట్టు విరిగింది.

డాక్టరు "తీసుకురండి, అడ్మిట్ చేద్దాం" అన్నారు. తీసుకెళ్లడమే కదా అసలు పని! పోలీసులు తోడు లేకపోతే రామంది అంబులెన్స్.

స్టేషన్లో ఎస్సై తలెత్తకుండానే "ఇల్లు ఎవరి పేరున ఉందమ్మా?" అన్నాడు. ఎందుకడిగాడో కాసేపటికి గానీ వెలగలేదు. ఆస్తి కోసం తమ్ముడికి పిచ్చి ముద్ర వేస్తున్నానట! పక్కనే అమ్మ, చేతికి సిమెంటు కట్టుతో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రింటు తీసిచ్చాను. జబ్బు వల్ల ఎవరికైనా ప్రమాదముంటే 24 గంటల్లోపు పోలీసులే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు అని అందులో ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టి, "కేసు పెట్టండి, లోపలేస్తాం" అన్నాడు. అమ్మ ఏడుపు. వచ్చేపోయేవాళ్లంతా మమ్మల్ని దొంగల్లా చూస్తుంటే చీకటి పడేదాకా బెంచీ మీదే ఉన్నాం. ఆఖరికి ఒక హెడ్ కానిస్టేబుల్ జీపు తీశాడు. ఆయన బావమరిదికీ ఇదే జబ్బట. చట్టంతో కానిది చుట్టరికంతో అయింది. కాబట్టి స్టేషన్‌కి ప్రింట్లు కాదు, జబ్బూ దెబ్బా నిజమేనని చూపే పాత మందుల చీటీలూ ఎక్స్‌రేలూ పట్టుకెళ్లండి.

అదే చట్టంలో, తనంతట తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న రోగిని చేర్చుకునే 89వ సెక్షన్ కింద అడ్మిషన్ ఒక్క పూటలో అయిపోయింది.

మిగతా మందులు పనిచేయనప్పుడు ఇచ్చే క్లోజాపిన్ అనే మందు 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉందని మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష. ఈ మందు వల్ల కారే చొంగకి దిండు తడిసిపోతోంది. దీనివల్ల వచ్చే మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. చెవిలో మాటలు పూర్తిగా పోలేదు, చెయ్యెత్తడం మాత్రం ఆగింది. ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది ఎవరి జోలికీ పోరు. మా వీధిలో రోజూ తాగొచ్చి పెళ్లాల్ని బాదేవాళ్లకి ఏ జబ్బూ లేదు మరి!

రెండు రోజులు మందు తప్పితే మళ్లీ చిన్న డోసు నుంచి మొదలుపెట్టాలి. బీడీలు మాన్పించేముందు డాక్టరుకి చెప్పండి, మానేస్తే రక్తంలో మందు పెరిగిపోతుంది. మా పెదనాన్నేమో "తగ్గిందిగా, మందులాపెయ్" అంటాడు. ఆయన వచ్చినప్పుడల్లా డబ్బా బీరువాలో పెట్టి తాళమేస్తున్నాను.