పొద్దున పలకని టచ్‌స్క్రీన్

పూతలపట్టు దగ్గరి పాల కేంద్రంలో మా యంత్రం నడిపే అన్న ఆరింటికే ఫోన్ చేశాడు. "ఎంత నొక్కినా కదల్లా సార్. రీస్టార్ట్ కొడితే మాత్రం వస్తాంది." వెనక క్యాన్ల చప్పుడు. మేం అందులోని లినక్స్ కెర్నెల్ (పరికరాలన్నిటినీ నడిపే మూల సాఫ్ట్‌వేర్) మార్చి వారమే అయింది. తిరుపతిలో నా బల్ల మీద అదే బోర్డు ఒక్కసారీ మొరాయించలేదు.

తేడా రెండ్రోజులకు గానీ దొరకలేదు. నేను రీబూట్ చేస్తూ చూస్తున్నా, అందులో టచ్ చిప్‌కి కరెంటు పోదు. ఆయన రాత్రి స్విచ్ ఆపేసి ఇంటికెళ్తాడు. పది సెకన్లు పూర్తిగా ఆపి వేస్తే నా దగ్గరా పలకలేదు. లాగ్‌లో ఒక లైనుంది, సప్లై కనపడలేదు కాబట్టి డమ్మీ రెగ్యులేటర్ (కరెంటు ఉన్నట్టే అనుకునే ఉత్తుత్తి సప్లై) వాడుతున్నానని. ఆ చిప్‌కి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో డివైస్ ట్రీలో, అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే ఫైల్‌లో, మేం రాయనే లేదు. టచ్ చిప్‌ని నడిపే ప్రోగ్రామ్, అంటే దాని డ్రైవర్, కరెంటు ఉందనుకుని చిప్‌ని పలకరించింది. ఆ కరెంటునిచ్చే పవర్ చిప్ డ్రైవర్ లేచింది ఆ తర్వాత. కెర్నెల్ డ్రైవర్లను లెవెల్ తర్వాత లెవెల్‌గా లేపుతుంది. ఒకే లెవెల్‌లోని డ్రైవర్లలో ఏది ముందో కెర్నెల్ తయారీలో అవి లింక్ అయిన వరుసను బట్టి ఉంటుంది. పాత కెర్నెల్‌లో ఆ వరుస మాకు కలిసొచ్చిందంతే.

తొందరపడి పవర్ చిప్ డ్రైవర్‌ని డివైస్ లెవెల్ నుంచి అంతకంటే ముందే లేచే సబ్‌సిస్ లెవెల్‌కి మార్చాను. ఒక్క లైను మార్పు. కొత్త బోర్డు బాగైంది, పాత బోర్డులో తెరే వెలగలేదు. అక్కడ పవర్ చిప్‌కి కావలసిన జీపీఐఓ (ఆన్, ఆఫ్ సంకేతాల పిన్ను) ఒక ఎక్స్‌పాండర్ (అలాంటి పిన్నులు పెంచే వేరే చిప్) నుంచి వస్తుంది, అది ఇంకా లేవలేదు. తర్వాత రమ్మని కెర్నెల్ మైనస్ 517 అనే ఎర్రర్ ఇచ్చింది. మా డ్రైవర్ దాన్ని 'పరికరం లేదు' అనే ఎర్రర్‌గా మార్చి వదిలేసింది. నాకు బాధనిపించింది ఇక్కడే. ఆగి మళ్ళీ ప్రయత్నించే ఈ ఏర్పాటు 2012లో వచ్చిన 3.4 కెర్నెల్ నుంచే ఉంది.

లెవెల్ మార్పు తీసేశాను. వచ్చిన ఎర్రర్‌ని వచ్చినట్టే పైకి పంపేలా డ్రైవర్ సరిచేశాను. డివైస్ ట్రీలో టచ్ చిప్ గురించి రాసే చోట, అంటే దాని నోడ్‌లో, సప్లై లైను రాశాను. రెండు బోర్డులకూ రిలే కట్టి రాత్రంతా ఒక్కోటి 200 సార్లు ఆపి వేయించాను. టచ్‌తో పాటు తూకం, ప్రింటర్ పలికాయా, తర్వాత రమ్మన్న వాటి డిఫర్డ్ జాబితా ఖాళీ అయిందా అని ప్రతిసారీ స్క్రిప్ట్ చూసింది. అన్నీ సరిగ్గా వచ్చాకే పూతలపట్టుకి పంపాను.

మిగతా చిప్‌ల నోడ్లలోనూ సప్లై లైన్లు రాయాలి. ఒక్కొక్కటే, రెండు బోర్డుల మీదా చూసుకుంటూ రాస్తున్నా.