పాత ఫుట్‌బాలర్ల పూర్వీకుల వేట

ఇంగ్లండ్‌లో డబ్బు పుచ్చుకుని ఆడటానికి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఒప్పుకున్నది 1885లో. ఆ తరం ఆటగాడి కుటుంబాన్ని వెతికేవాళ్లు ముందు బోల్తా పడేది వయసు దగ్గరే. క్లబ్బుకి ఒకటి రెండేళ్లు తగ్గించి చెప్పినవాళ్లున్నారు. అందుకే జనన సూచికలో (నమోదైన పుట్టుకల పేర్ల పట్టికలో) అటూ ఇటూ రెండేళ్లు కలిపి గాలించాలి. జనన మరణాలు, పెళ్లిళ్ల రికార్డులు ఉంచే ప్రభుత్వ కార్యాలయమైన జనరల్ రిజిస్టర్ ఆఫీసు ఆన్‌లైన్ సూచికలో తల్లి పుట్టింటి ఇంటిపేరు 1837 నుంచీ దొరుకుతుంది. ఆ గడి ఖాళీగా ఉంటే, చాలావరకు పెళ్లికాని తల్లి బిడ్డే. తండ్రి పేరు, వృత్తి కావాలంటే ఆటగాడి పెళ్లి సర్టిఫికెట్ తెప్పించుకోవాలి.

జనాభా లెక్కలది ఇంకో తిరకాసు. 1891, 1901, 1911 లెక్కలు మార్చి ఆఖర్లో, ఏప్రిల్ మొదట్లో తీశారు, అంటే సీజన్ నడుస్తుండగానే. కుర్రాడు సొంతూళ్లో కనబడడు; మైదానం పక్క వీధిలో ఎవరింట్లోనో 'బోర్డర్'గా, అంటే డబ్బిచ్చి తిండీ బసా పొందేవాడిగా తేలతాడు. 1911 కాగితం మాత్రం బంగారం: ఇంటి యజమాని చేతిరాతతోనే పెళ్లై ఎన్నేళ్లు, పిల్లలెందరు, పోయినవాళ్లెందరు... అన్నీ ఉంటాయి. 1931 లెక్కలు అగ్గిపాలయ్యాయి కాబట్టి 1921 నుంచి నేరుగా 1939 రిజిస్టరుకి (యుద్ధం మొదలైనప్పుడు తీసిన జనం జాబితాకి) దూకాల్సిందే.

ఆటగాడు స్కాట్లండ్ వాడైతే (అప్పట్లో చాలామంది వాళ్లే) జననం అక్కడి రిజిస్టర్లలో చూడాలి. 1861 నుంచి వాటిలో తల్లిదండ్రుల పెళ్లి తేదీ, చోటు కూడా రాసి ఉంటాయి.